చల్లని గదికి కొత్త గ్యాసు
(ఉగాది ఉత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



మేము ఏడుగురము. ఏ.సి. మెకానిక్కులము. ఈ కువైట్‌లో మన తెలుగువారి ఉగాది ఉత్సవం జరిగినప్పుడల్లా మాకు అప్పగించే పని ఒక్కటే: హాలు చల్లగా ఉండేటట్లు చూడటం. నాటకం ఎవరు వేసినా, పద్యం ఎవరు పాడినా మేము తెర వెనుకనే. ఈసారి కార్యదర్శిగారు ఫోను చేసి, “కొత్త గ్యాసులు వస్తున్నాయంటున్నారు, పాతవి మానెయ్యాలంటున్నారు, పైగా అవి మండుతాయంటున్నారు. మా ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు. సంగతేమిటో మీరే సభలో చెప్పండి” అన్నారు. తప్పించుకోజూశాము, ఆయన వదలలేదు. చివరకు మూడు శుక్రవారాలు అబ్బాసియాలో ఒక గదిలో కూర్చుని, టీలు త్రాగి, ఒకరితో ఒకరు పోట్లాడి ఈ కాగితాలు వ్రాసుకున్నాము. చదువుతున్నవాడు ఒకడే అయినా మాట ఏడుగురిది గనుక ‘మేము’ అనే అంటాము. మాలో ఇద్దరిది కడప వైపు, ఇద్దరిది జగిత్యాల, మిగిలినవారిది నిజామాబాదు, కోనసీమ, శ్రీకాకుళం. యాసలు కలగాపులగమై ఉంటే మన్నించండి.

ముందుగా, మేము ఇళ్లకు వచ్చినప్పుడు తరచుగా వినే మాట ఒకటున్నది. “గ్యాసు అయిపోయినట్టుంది, కొంచెం పట్టి వెళ్లు.” ఏ.సి.లో గ్యాసు పెట్రోలు వంటిది కాదు. వాడితే తరిగేది కాదు. మన ఊళ్లో బావి, గిలక, చేద గుర్తు తెచ్చుకోండి. చేద దిగుతుంది, నీళ్లు నింపుకుంటుంది, పైకి వస్తుంది, కుమ్మరిస్తుంది, మళ్లీ దిగుతుంది. గదిలోని వేడి బావిలో నీరనుకుంటే గ్యాసు చేద. ఇండోరు యూనిట్టులో అది ద్రవం నుంచి ఆవిరి అవుతూ గదిలోని వేడిని లాక్కుంటుంది. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి అవుట్‌డోరుకు పంపుతుంది. అక్కడ వేడిని బయటి గాలికి కుమ్మరించి తిరిగి ద్రవమవుతుంది. పదేళ్లు తిరిగినా ఆ చేద అరగదు. కనుక మీ మిషనులో గ్యాసు తగ్గిందంటే ఎక్కడో కారిపోతున్నదన్న మాట. కారే చోటు వెతకకుండా పైన గ్యాసు పట్టడమంటే చిల్లి కుండలో నీళ్లు పొయ్యడమే.

సాల్మియాలో ఒక అక్కయ్యగారు మాలో ఒకనితో అన్నారు. “తమ్ముడూ, లీకు వెతకాలంటే సగం రోజు పడుతుందంటావు. పోయిన ఏడాది వచ్చినతను పావుగంటలో గ్యాసు పట్టి పోయాడు గదా?” మావాడు నిదానస్తుడు. “అవునక్కా, అందుకే ఈ ఏడు మళ్లీ నన్ను పిలవవలసి వచ్చింది” అన్నాడు. ఆవిడ నవ్వి టీ ఇచ్చారు గాని, లీకు మాత్రం వెతకనివ్వలేదు.

ఆ కారిపోయిన గ్యాసు ఎక్కడికి పోతుంది? మేము పనిలోకి వచ్చిన కొత్తలో ఈ ప్రశ్న మాకు తోచనేలేదు. గాలిలో కలిసిపోతుంది, అంతే. ఈ ప్రశ్నకు సమాధానం కనిపెట్టిన కథలో మన ఊరొకటి ఉన్నదని తెలిసి మాకే ఆశ్చర్యం వేసింది. కాస్త వెనుకకు వెళ్లి చెప్పాలి.

1920లలో రెఫ్రిజిరేటర్లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు వంటివి వాడేవారు. లీకైతే మనుషులు చచ్చిపోయేవారు. బెర్లినులో ఒక కుటుంబం అట్లా పోయిందని పత్రికలో చదివే, ఐన్‌స్టైనంతటివాడు తన మిత్రుడు జిలార్డుతో కలిసి లీకు కాని ఫ్రిజ్జు ఒకటి తయారు చెయ్యబూనాడు. ఆ ఫ్రిజ్జు బజారుకు రాలేదు. అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఆయన బృందం ఫ్రియాన్ కనిపెట్టింది. 1930లో మిడ్జ్‌లీ రసాయన శాస్త్రజ్ఞుల సభలో నిలబడి, ఆ వాయువును గుండెల నిండా పీల్చి, ఎదురుగా వెలుగుతున్న కొవ్వొత్తి మీద ఊది ఆర్పి చూపించాడు. విషం కాదు, మండదు. చప్పట్లు కొట్టారు. కొట్టదగిన పనే. తరువాత నలభై ఏళ్లు అదే రాజ్యమేలింది.

1960ల నడుమ సికింద్రాబాదులో ఒక రెఫ్రిజిరేషను ఫ్యాక్టరీలో వీరభద్రన్ రామనాథన్ అనే యువ ఇంజనీరు పనికి కుదిరాడు. తమిళుడు. ఆయనకు అప్పగించిన పని, ఈ గ్యాసు మిషన్లలోనుంచి ఎందుకు తొందరగా కారిపోతున్నదో చూడటం. అంటే, సోదరులారా, ఇవాళ మేము చేసే పనే! ఆ ఉద్యోగం ఆయనకు నచ్చలేదు. చదువుకోవటానికి అమెరికా వెళ్లాడు. అక్కడ 1974లో మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ ఫ్రియాను జాతి వాయువులు పైకి పోయి ఓజోను పొరను తినివేస్తాయని ప్రకటించారు. మరుసటి ఏడాది, 1975లో, మన సికింద్రాబాదు మెకానిక్కు (ఆయనను మావాడని చెప్పుకోవటానికి మాకు హక్కున్నదని మా నమ్మకం) ఇంకొక లెక్క వేశాడు. ఈ గ్యాసు అణువు ఒక్కటి, బొగ్గుపులుసు వాయువు అణువులు దాదాపు పదివేలు కలిసి చేసినంత పనిచేసి భూమి వేడిని బయటికి పోకుండా పట్టి ఉంచుతుందని తేల్చాడు. సికింద్రాబాదులో గొట్టం దాటి పోయిన గ్యాసు ఎక్కడికి పోయిందో, ఏమి చేస్తున్నదో అమెరికాలో కూర్చుని లెక్కగట్టాడన్న మాట.

తరువాతి కథ మీలో చదువుకున్నవారికి తెలిసిందే. 1985లో దక్షిణ ధ్రువం మీద ఓజోను పొర పలచబడుతున్నదని బ్రిటిషువారు చూపించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ప్రపంచ దేశాలన్నీ సంతకం చేసిన ఒప్పందాలు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి. పాత ఫ్రియాన్లు పోయినవి. గది ఏ.సి.లలో ఉన్న ఆర్-22 కూడా ఓజోనుకు కొంత చెరుపు చేసేదే గనుక దానికీ గడువు పెట్టారు. మనబోటి దేశాలు 2030 నాటికి దాదాపు పూర్తిగా మానాలి. పాత మిషన్ల మరమ్మతులకు మాత్రం 2040 దాకా కొద్దిగా అనుమతి. ఓజోను పొర మెల్లగా కోలుకుంటున్నది. దక్షిణ ధ్రువం మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి రావచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా.

ఆర్-22 స్థానంలో వచ్చినది ఆర్-410ఎ. ఓజోనుకు హాని లేదు. కాని వేడి పట్టే గుణంలో ఇది ఆర్-22 కంటె ఒక ఆకు ఎక్కువే చదివింది. నూరేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువును 1 అనుకుంటే ఆర్-22 సుమారు 1,810, ఆర్-410ఎ 2,088. టన్నున్నర స్ప్లిట్టులో ఉండే కిలోంబావు గ్యాసు గాలిలో కలిస్తే, వెయ్యి లీటర్లకు పైగా పెట్రోలు తగలబెట్టినంత.

ఇక్కడ మేము ఒక తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా ఈ కాగితాలు పూర్తి చెయ్యలేకపోయాము. మాలో అందరికంటె పెద్దవాడు 1988లో ఈ దేశం వచ్చాడు. అందరమూ ఉస్తాదుల దగ్గర తిట్లు తిని పని నేర్చుకున్నవాళ్లమే. మాకు నేర్పిన పద్ధతి ఇది: మిషను విప్పాలంటే నట్టు వదులు చెయ్యి, గ్యాసు పోనియ్యి. పైపులో గాలి ఉంటే కొంచెం గ్యాసుతో ఊది బయటికి నెట్టు. కాయిలులో మురికి ఉంటే గ్యాసుతోనే కడుగు. బుస్సుమని తెల్లగా పొగ వచ్చేది. మే నెల ఎండలో మేడ మీద పనిచేసేవాళ్లం. ఆ చల్లటి పొగలో చేతులు పెట్టి మురిసిపోయేవాళ్లం కూడా. ఏడుగురం కూర్చుని లెక్క వేశాము. తక్కువలో తక్కువ, మనిషికి ఏటా యాభై కిలోలు, ఇరవై ఏళ్లు. ఏడు వేల కిలోలు. బొగ్గుపులుసు వాయువు లెక్కలో పన్నెండు వేల టన్నులకు పైన. ఆ అంకె కాగితం మీద వేశాక ఆ శుక్రవారం ఎవరూ రెండో టీ అడగలేదు.

సరే, ఇప్పుడేమి చేస్తున్నారు? 2016 అక్టోబరు 15న రువాండా దేశంలో కిగాలీ నగరంలో, రాత్రంతా మాట్లాడుకుని తెల్లవారాక, మాంట్రియల్ ఒప్పందానికి ఒక సవరణ చేశారు. ఆర్-410ఎ వంటి వాయువుల వాడకం మెట్లుమెట్లుగా తగ్గించాలి. దేశాలను గుంపులుగా విడదీసి గడువులు పెట్టారు. చివరి గుంపులో ఎవరున్నారో వినండి: కువైట్, సౌదీ, ఎమిరేట్సు, ఖతర్, బహ్రెయిన్, ఒమన్, ఇరాక్, ఇరాన్, పాకిస్తాన్, మన భారతదేశం. అంటే మనం పుట్టిన దేశమూ, పొట్టకూటికి వచ్చిన దేశమూ ఒకే పంక్తిలో కూర్చున్నవి. ఈ గుంపుకు 2024, 25, 26 సంవత్సరాల వాడకం ఆధారంగా హద్దు గీస్తారు. 2028లో అక్కడ ఆగాలి. 2032లో పది శాతం, 2037లో ఇరవై, 2042లో ముప్ఫై, 2047కు ఎనభైఅయిదు శాతం తగ్గించాలి. భారతదేశం 2021లో ఆమోదించింది. అన్ని దేశాలూ మాట నిలబెట్టుకుంటే ఈ శతాబ్దం చివరకు భూమి అర డిగ్రీ దాకా వేడెక్కకుండా ఆపవచ్చునంటారు. అర డిగ్రీయేనా అంటే, సోదరులారా, ఎండాకాలంలో ఇక్కడ మేడ మీద అరగంట నిలబడినవారెవరూ ఆ మాట అనరు.

మనకు చివరి గడువు ఇవ్వటానికి కారణం లేకపోలేదు. 2016 జూలై 21న ఈ దేశంలోనే మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ సరిచూసి ఒప్పుకున్న అంకె అది. అటువంటి గాలిలోకి వేడిని కుమ్మరించాలంటే గ్యాసు దానికన్నా వేడిగా, అరవై, అరవైఅయిదు డిగ్రీలకు ఎక్కాలి. ఆర్-410ఎకు 71 డిగ్రీల దగ్గర ఒక హద్దున్నది. దాని పైన ఎంత నొక్కినా ద్రవం కాదు. హద్దుకు దగ్గర పడేకొద్దీ మిషను ఎక్కువ కరెంటు త్రాగి తక్కువ చల్లదనం ఇస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకు మీ ఏ.సి. ఏడుస్తున్నట్లు మోగేది ఇందుకే. ఆర్-22 హద్దు 96 డిగ్రీలు. అందుకే ముసలిదైనా పాత మిషనే మేలని కొందరు ఇంకా అంటుంటారు. వారి మాట పూర్తిగా తప్పని మేము అనము.

కొత్తగా వచ్చేవాటిలో రెండింటి పేరు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి ఆర్-32. ఇది 2012 నుంచి జపానులో గది ఏ.సి.లలోకి వచ్చింది. మన దేశంలో ఇప్పుడు దుకాణాల నిండా ఇదే. దీని అంకె 675, ఆర్-410ఎలో మూడో వంతు. గ్యాసు కూడా తక్కువ పడుతుంది. కాని కంప్రెసరు దగ్గర ఎక్కువ వేడెక్కుతుంది, కొద్దిగా మండుతుంది. రెండవది ఆర్-290. పెద్ద పేరేమీ కాదు, ప్రొపేను. మీ వంటింటి సిలిండరులో ఉండేదానికి సగం తోబుట్టువు. దీని అంకె 3. నూటికి మూడు కాదండోయ్, ఉత్త మూడే. హద్దు 96 డిగ్రీల పైన గనుక ఎండలకు తట్టుకుంటుంది, కంప్రెసరుకు చల్లన, ఆర్-22తో పోలిస్తే సగం కన్నా తక్కువ గ్యాసుతో సరిపోతుంది. 2012లో మన దేశంలో గోద్రెజ్‌వారు జర్మనీ సహకారంతో ఈ గ్యాసు ఏ.సి.లు అమ్మకానికి పెట్టారు. తమ మెకానిక్కులకు విడిగా తర్ఫీదు ఇచ్చి మరీ పెట్టారు. చెడ్డగుణం ఒక్కటే. బాగా మండుతుంది.

ఈ రెండింటిలో ఏది మేలన్న దగ్గరే మేము పోట్లాడుకున్నది. మాలో నలుగురు, ఆర్-32 చాలు, చేతికి అలవాటైన పని, మంట భయం తక్కువ అన్నారు. ముగ్గురు ఒప్పుకోలేదు. ఆ 675 అనేది నూరేళ్ల లెక్క, ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే రెండు వేలకు పైనే ఉంటుంది, మన పిల్లలు బతికేది ఆ ఇరవై ఏళ్లలోనే గదా అన్నారు. దీనికి నలుగురి దగ్గర సమాధానం లేదు. నిజానికి ఇప్పటికీ లేదు. పడకగదుల చిన్న మిషన్లకు, తర్ఫీదైన మనిషి దొరికే చోట, ఆర్-290 మంచిది. దొరకని చోట ఆర్-32 తీసుకోవాలి, అని చివరకు ఒక రాజీకి వచ్చాము. ‘తర్ఫీదైన మనిషి దొరికే చోట’ అన్న మాట దగ్గర మాత్రం ఏడుగురం ఒకటే. ఎందుకో చెబుతాము.

2019 వేసవి. ఫర్వానియాలో ఒక పాత భవనం, నాలుగో అంతస్తు. పాత స్ప్లిట్ మిషను. ప్లేటు మీద ఆర్-22 అనే ఉన్నది. పైపు జాయింటు దగ్గర కారుతున్నది. మాలో ఒకడు వెళ్లాడు. అవుట్‌డోరు బాల్కనీలో ఉన్నది. దుమ్ము రాకుండా ఆ బాల్కనీ చుట్టూ రేకులు కొట్టి మూసేశారు. అలవాటు చొప్పున నట్టు వదులు చేసి ఉన్న గ్యాసు వదిలేశాడు, బ్రేజింగు టార్చి వెలిగించాడు. ఆ మిషనులో ఉన్నది ఆర్-22 కాదు. అంతకు ముందెవరో చవకగా దొరికిన మండే గ్యాసు పట్టి, ప్లేటు మార్చకుండా, ఒక చీటీ అయినా అంటించకుండా పోయారు. ప్రొపేను గాలికన్నా బరువు. వదిలింది వదిలినట్లు ఆ బాల్కనీ నేల మీదనే పేరుకుని ఉన్నది. మావాడి రెండు చేతులూ, ఎడమ చెంపా కాలినవి. రెండు నెలలు మంచం మీద ఉన్నాడు. అతను పనిచేసే కంపెనీ ఆసుపత్రి ఖర్చు భరించి, ఆ రెండు నెలల జీతం కోసుకున్నది. ఇంటికి మాత్రం జ్వరమని చెప్పించాడు. వాళ్లమ్మకు ఇప్పటికీ అంతే తెలుసు. అతను ఇవాళ ఈ సభలోనే కూర్చున్నాడు. పేరు చెప్పవద్దన్నాడు గనుక చెప్పము. మాకేసి చూసి నవ్వుతున్నాడు.

ఆ చవక గ్యాసు పట్టినవాడు ఎవడో తెలియదు. ఏ భాషవాడో తెలియదు. మనవాడే కావచ్చు. ఎందుకంటే పోయిన సెలవుల్లో మాలో ఒకడు జగిత్యాల వెళ్లినప్పుడు తన కళ్లతో చూశాడు. ఇరవై ఏళ్ల కుర్రవాడు వంటగ్యాసు సిలిండరు ఎత్తుకొచ్చి, గొట్టం తగిలించి, విండో ఏ.సి.కి గ్యాసు పడుతున్నాడు. “ఏం పని తమ్మీ ఇది?” అంటే, “సల్లగొస్తది గద అన్నా” అన్నాడు. అదే వచ్చిన చిక్కు! చల్లగానే వస్తుంది. మన్నుతిన్న పామల్లే కొంతకాలం పనిచేస్తుంది. కాని ఆ విండో మిషనులో స్విచ్చి, రిలే, కెపాసిటరు అన్నీ నిప్పురవ్వ పుట్టేచోట్లే. మండే గ్యాసు కోసం తయారుచేసిన మిషనులో వాటిని మూసి ఉంచుతారు, లేదా వేరుచోట అమరుస్తారు. పాతదాంట్లో ఆ ఏర్పాటు లేదు. కనుక ఎవరెంత చవకగా చేస్తామన్నా, ఏ పేరుతో చెప్పినా, పాత మిషనులో మండే గ్యాసు పట్టనివ్వకండి. ఇది మాత్రం మేము బ్రతిమాలుకుని చెబుతున్నాము.

“అయితే కొత్త మిషను మాత్రం ఇంట్లో బాంబు కాదా?” అని కార్యదర్శిగారి ఇంట్లోవారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ముఖ్యంగా ఈ దేశంలో. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులుండే భవనంలో మంటలు లేచి యాభైమంది దాకా పోయారు. ఎక్కువమంది భారతీయులు, వారిలో మన తెలుగువారూ ఉన్నారు. అది ఏ.సి. గ్యాసు వల్ల జరిగింది కాదు. కింద కాపలావాడి గదిలో కరెంటు షార్టు వల్ల అని అధికారులు తేల్చారు. కాని ఆ తరువాత ‘మండుతుంది’ అన్న మాట మనవాళ్ల చెవిని ఎట్లా పడుతుందో మాకు తెలుసు. అందుకే నెమ్మదిగా లెక్క చెబుతాము.

మన ఊళ్లో వంటింటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. ఒక ఆర్-290 పడకగది ఏ.సి.లో ఉండేది సుమారు 350 గ్రాములు. నలభయ్యో వంతు. పన్నెండు చదరపు మీటర్ల గదిలో అదంతా ఒక్కసారిగా కారి సమంగా కలిసినా ఘనమీటరుకు పదకొండు గ్రాములవుతుంది. అంటుకోవాలంటే ముప్ఫైఎనిమిది ఉండాలి. ‘సమంగా కలిస్తే’ అన్న మాట మరువకండి. ఇందాక చెప్పినట్లు అది నేలకు దిగుతుంది. అందుకే ఏ గదికి ఎంత గ్యాసు ఉండవచ్చునో, మిషను ఎంత ఎత్తున బిగించాలో, లీకైతే ఫ్యాను ఎట్లా తిరగాలో అంతర్జాతీయ నియమాలున్నవి. 2022లో వాటిని సవరించి, అదనపు రక్షణలుంటే ఇంకా పెద్ద మిషన్లకు కూడా అనుమతించారు. గదికి తగిన మిషను, మీద మంట గుర్తు ఉన్న చీటీ, తెలిసినవాడి చేతి బిగింపు. ఈ మూడూ ఉంటే మీ వంటింటి కన్నా మీ పడకగదికి భయం తక్కువ. చిన్న గదిలో పదిమంది పడుకునే మన కార్మిక సోదరుల గదులకు పెద్ద మిషను తెచ్చి ఇరికించటం మాత్రం తగదు. అక్కడ లెక్క మళ్లీ మొదటినుంచి వెయ్యాలి.

ఇక మా పనిలో వచ్చిన మార్పు. గ్యాసు గాలిలోకి వదలటం మానాము. రికవరీ మిషను అని ఒకటున్నది. అది పాత గ్యాసును లాగి సిలిండరులో నింపుతుంది. సిలిండరు నూటికి ఎనభై పాళ్లకు మించి నింపరాదు, ఎండకు పేలుతుంది. దానితో పనికి అరగంట, ముప్పావుగంట అదనం. లీకు పరీక్షకు నైట్రోజను వాడాలి. కొందరు వెల్డింగు షాపు ఆక్సిజను వాడతారు, నూనెతో కలిసి కంప్రెసరు పేలి ప్రాణాలు పోయినవి. వాక్యూము పంపు పెట్టి గేజీ చూస్తూ కూర్చోవాలి. మండే గ్యాసైతే టార్చి వెలిగించేముందు పసిగట్టే యంత్రం నేల దగ్గర పెట్టి చూడాలి. ఇవన్నీ చేస్తే పావుగంట పని రెండు గంటలవుతుంది. జూన్ ఒకటి నుంచి ఆగస్టు ఆఖరు దాకా పదకొండింటి నుంచి నాలుగింటి వరకు ఎండలో పని నిషేధం. మంచి నియమమే. కాని మీ ఏ.సి. ఆగేది సరిగ్గా అప్పుడే, మీ ఫోను వచ్చేదీ అప్పుడే. అందుకని తొందరపెట్టే ఇల్లు, తొందరపెట్టే ముదీరు, ఈ ఇద్దరి మధ్యా రికవరీ మిషను వ్యానులోనే ఉండిపోతుంది. మేము సాధుపుంగవులమని చెప్పటం లేదు. మాలో ఇద్దరు, పోయిన ఆగస్టులో కూడా, నట్టు వదులు చేసి గ్యాసు వదిలారు. ఆ శుక్రవారం వాళ్లే చెప్పారు.

కాబట్టి మీ ఇంటికి వచ్చినవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: “తమ్ముడూ, పాత గ్యాసు ఎక్కడికి తీస్తున్నావు?” సిలిండరు చూపిస్తే కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. నీళ్లు నమిలితే ఆపండి. లీకు వెతుకుతానంటే వెతకనివ్వండి, దానికి డబ్బు ఇవ్వండి. ఆ డబ్బు ఎక్కువని మీకు తోస్తుంది, మాకు తెలుసు. ప్రతి ఏటా గ్యాసు పట్టించే ఖర్చు మూడేళ్లది కూడి చూడండి.

గ్యాసు ఒక్కటే కాదు, ఏ.సి. వల్ల భూమికి చేరే వేడిలో పెద్ద పాలు కరెంటుదే. ఇక్కడ కరెంటు చవక, మీటరు వంక ఎవరం చూడము. కాని 2024 జూన్‌లో ఇంత చమురున్న దేశంలోనూ వంతులవారీగా కరెంటు తీశారు. అప్పుడు మాకు వచ్చిన ఫోన్లు ఇంతా అంతా కాదు. మన దేశంలో 2020 జనవరి నుంచి కొత్త ఏ.సి.లు ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గరుండాలని నియమం పెట్టారు. ఇక్కడ మన ఇళ్లలో పద్దెనిమిది పెట్టి రజాయి కప్పుకోవటం చూస్తున్నాము. దుమ్ము తుఫాను వచ్చిపోయాక అవుట్‌డోరు కాయిలు కడిగించినా మిషనుకు ప్రాణం లేచి వస్తుంది. దానికి మమ్మల్ని పిలవనక్కరలేదు, గొట్టంతో నీళ్లు పట్టినా చాలు. స్విచ్చి ఆపి మరీ పట్టండి.

భోజనాల తరువాత హాలు వెనుక వరండాలో ఒక చిన్న ఏర్పాటు చేశాము. ఒక పాత స్ప్లిట్ మిషను విప్పి పెట్టాము. సబ్బునురగతో లీకు ఎట్లా పట్టాలో చూపిస్తాము. రికవరీ మిషను నడిపిస్తాము. త్రాసు కూడా ఉంటుంది, 350 గ్రాములంటే ఎంతో ఎవరికి వారు చేత్తో ఎత్తి చూడవచ్చు. మంట పెట్టి చూపించము. పిల్లలు అడుగుతారని ముందే చెబుతున్నాము. సెలవుల్లో ఊరికి వెళ్లేవారు, అక్కడ ఈ పనిలో ఉన్న తమ్ముళ్లు, మేనల్లుళ్లు ఎవరైనా ఉంటే వారి ఫోను నంబర్లు మాకివ్వండి. మా పెద్దాయన వీడియోలో పని నేర్పిస్తానంటున్నాడు. తిట్టకుండా నేర్పుతానని ఒట్టు వేశాడు.

ఇందాక పైకి ఒక చీటీ వచ్చింది. హాలు ఎడమవైపు రెండో ఏ.సి. నుంచి నీళ్లు కారుతున్నవట. కంగారుపడకండి, అది గ్యాసు కాదు, డ్రెయిను పైపు మూసుకుపోయింది. మాలో ఒకడు నిచ్చెన కోసం వెళ్లాడు. ఆ కింద కూర్చున్నవారు కుర్చీలు కాస్త ఇటు జరుపుకుంటే బాగుంటుంది. సెలవు.